మూలమును టీకయు

మన గ్రంథములలో పుట నడుమ మూలమును, దాని క్రింద టీకయు ఉండుట పరిపాటి. మూలము కవిది, టీక వ్యాఖ్యాతది. చదువరి పద్యమును చదివి, అర్థముకానిచోట దృష్టిని క్రిందికి దించి, వ్యాఖ్యాత చెప్పినదానిని నమ్మి మరల పైకి వచ్చును. టీకాసంప్రదాయమంతయు ఈ నమ్మకముపైననే నిలిచియున్నది. టీక తప్పైనచో సామాన్య చదువరికి అది తెలియు మార్గము లేదు. తెలియగలవాడైనచో అతనికి టీకయే అక్కరలేదు.

కంప్యూటరు భాషలకును ఇట్టి టీకలు కలవు. వానిని శుద్ధి చేయు పనిని గూర్చియు, అటువంటి పనికి మన తెలుగునాట, ముఖ్యముగా గోదావరీ తీరమున, గల పూర్వచరిత్రను గూర్చియు ఈ ప్రసంగము.

కంప్యూటరుచేత పని చేయించుటకు వ్రాయు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. వర్గమూలము కనుగొనుట, పేర్లను అక్షరక్రమమున అమర్చుట వంటి పనులు అనేక ప్రోగ్రాములలో వచ్చుచుండును. ప్రతివాడును వానిని మొదటినుండి వ్రాసికొనుట వృథాశ్రమ. కావున నిపుణులు వానిని ఒక్కసారి వ్రాసి, పరీక్షించి, భాషతోపాటు అందరికిని అందింతురు. ఆ సంచయమునకు ప్రామాణిక లైబ్రరీ అని పేరు. అందలి ప్రతి అంశమునకును కొన్ని పంక్తుల వ్యాఖ్య ఉండును. ఇది యేమి చేయును, దీనికేమి ఈయవలెను, ఏమి తిరిగి వచ్చును, ఎప్పుడు విఫలమగును అను సంగతులు అందు ఉండవలెను. యంత్రము ఆ పంక్తులను ఆజ్ఞలుగా గ్రహింపదు. అవి మనుష్యునికొరకు వ్రాసినవి.

ఈ లైబ్రరీల చరిత్ర ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మొదలగుచున్నది. అచ్చట 1949లో ఎడ్సాక్ అను కంప్యూటరు పనిచేయ నారంభించెను. చిన్న చిన్న పనులకు వలసిన ఆజ్ఞలను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై ఎక్కించి, బీరువాలో భద్రపరచి, కావలసినవారు తీసికొనునట్లు ఏర్పాటు చేసిరి. 1951 నాటికి అట్టివి 87 ఉండెను. ఆ సంవత్సరముననే మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అను మువ్వురు వాని వివరములతో ఒక గ్రంథమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరము వీలర్ ఒక సభలో ప్రసంగించుచు గమనింపదగిన మాట యొకటి చెప్పెను. ఆజ్ఞలను వ్రాసి పరీక్షించిన తరువాతను గొప్ప పని యొకటి మిగిలియుండుననియు, లోపలి రచన నెరుగనివాడు సైతము సులభముగా వాడుకొనునట్లు దాని వివరణము వ్రాయుటయే ఆ పనియనియు, బహుశః అన్నింటికంటె కష్టమైనది అదియే కావచ్చుననియు అతని భావము. యంత్రము పుట్టిన మూడేండ్లకే టీక యొక్క కష్టము తెలిసివచ్చినదన్నమాట.

తరువాతి కాలమున టీకను మూలము చెంతనే వ్రాయు పద్ధతి బలపడెను. 1995లో వెలువడిన జావా భాషకు తోడుగా వచ్చిన జావాడాక్ అను సాధనము, ప్రోగ్రాము నడుమ వ్రాసిన వ్యాఖ్యలను ఏరి చదువదగిన పుటలుగా కూర్చెను. పైథాన్ భాషవారు 2001లో వ్యాఖ్యారచనకు నియమములు ఏర్పరచిరి. మూలమును మార్చు చేయి ప్రక్కనే యున్న టీకనుగూడ మార్చునని ఈ పద్ధతులలోని ఆశ. ఆ ఆశ అన్నివేళల ఫలింపలేదు. మూలమును మార్చనిదే పని జరుగదు గనుక దానిని మార్తురు. టీకను మార్చకున్నను యంత్రము ఊరకయే యుండును. అందువలన టీక వెనుకబడిపోవును.

దీనివలని హాని గోదావరి మండలములవారికి విశదమే. కాటన్ దొర పర్యవేక్షణమున 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట, వరదనీరు పైనుండి పొర్లిపోవునట్టి కట్టడము. దాని స్థానమున 1982 నాటికి సిద్ధమైన బరాజికి 175 తలుపులు గలవు. వరద వచ్చినచో వానిని ఎత్తవలెను. పాత ఆనకట్టకు వ్రాసిన నిబంధనల పుస్తకమును చేతబట్టుకొని ఒకడు బరాజిపై నిలిచెననుకొనుడు. ఆ పుస్తకమున అక్షరదోషము ఒక్కటియు లేకపోవచ్చును; అయినను అది అతనిని ముంచును. పాతబడిన టీకయు అట్టిదే.

ఒక ఉదాహరణము చూతము. పైథాన్ భాషలో జాబితాను క్రమమున అమర్చుటకు రెండు సాధనములు కలవు. ఒకటి ఇచ్చిన జాబితానే మార్చివేయును; వేరొక జాబితాను తిరిగి ఇయ్యదు. రెండవది అసలు జాబితాను ముట్టక, క్రమమున అమర్చిన క్రొత్తదానిని ఇచ్చును. రెండింటి పైనను “క్రమమున అమర్చును” అని మాత్రమే వ్రాసినచో అది అసత్యము కాదు, ఉపయోగకరమును కాదు. వాడువాడు అసలు జాబితాను పోగొట్టుకొనిన పిమ్మట గాని భేదము తెలియదు.

టీకాశుద్ధికి నియమమును చెప్పినవాడు మన తెలుగువాడే. కొలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయ పూనినపుడు, చెడువ్యాఖ్యల విషముచే కవివాక్కు మూర్ఛిల్లి యున్నదని భావించి, తన వ్యాఖ్యకు సంజీవని యని పేరిడెను. మూలములో ఆధారము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది పలుకననియు ఆయన రెండు ప్రతిజ్ఞలు చేసెను. నేటి లైబ్రరీలను శుద్ధి చేయువానికి ఈ రెండును చాలును. మూలము చేయని పనిని టీక చెప్పుచున్నచో తీసివేయవలెను. పేరు చూడగనే తెలియు సంగతిని టీక మరల చెప్పుచున్నచో అదియు పోవలెను. మిగిలినది మూలమునకు సరిపోవుచు, చదువరికి కావలసినది కావలెను.

గోదావరీ తీరమునకు వత్తము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820వ దశకమున మచిలీపట్నమునను రాజమహేంద్రవరమునను ఉద్యోగము చేసెను. ఆ కాలముననే వేమన పద్యములపై అతని దృష్టి పడెను. వ్రాతప్రతులను సేకరించి, పాఠభేదములను పోల్చి చూపించి, 1829లో పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. తరువాత పండితులను కొలువున నిలిపి ప్రాచీన కావ్యములకు తేటతెలుగున వ్యాఖ్యలు వ్రాయించెను. 1851లో అచ్చయిన మనుచరిత్రమునకు జూలూరి అప్పయ్య వ్యాఖ్య అట్టిది. గురువు చెంత లేనివాడు సైతము చదువుకొనగలుగుట బ్రౌను కోరినది. లోపలి రచన నెరుగనివాడు వాడుకొనగలుగుట వీలర్ కోరినది. రెండును ఒక్కటియే.

ఇక నిఘంటువు. ఒక భాషకు ప్రామాణిక లైబ్రరీ వంటిది దాని పదసంచయమే. ప్రతి పదమునకును వ్యాఖ్య కావలెను. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును నెలకొల్పిరి. ఆ పరిషత్తు పిఠాపురము మహారాజు సూర్యారావు బహద్దరుగారి పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువును తలపెట్టెను. మొదటి సంపుటము 1936లోను, ఎనిమిదవది 1972లోను వెలువడెను. ఇందు పదమునకు అర్థము చెప్పి ఊరకుండక, కవిప్రయోగమును చూపుట ముఖ్యనియమము. ప్రయోగము చూపినచో అర్థము సరియో కాదో చదువరియే తేల్చుకొనగలడు. పైథాన్ భాషలోని డాక్‌టెస్ట్ అను సాధనము ఈ నియమమునకు తమ్ముడు. వ్యాఖ్యలో వ్రాసిన ఉదాహరణమును యంత్రముచేతనే నడిపించి, చెప్పిన ఫలితము వచ్చినదో లేదో అది చూచును. ఉదాహరణము చెడినచో వెంటనే తెలియును.

అయితే మూలమునకును టీకకును పొసగనపుడు తప్పు దేనిది? ఇది అన్నింటికంటె చిక్కైన ప్రశ్న. 2007లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున కొందరు పరిశోధకులు లినక్స్, మొజిల్లా వంటి పెద్ద ప్రోగ్రాములలోని వ్యాఖ్యలను మూలముతో పోల్చి 60 వైరుధ్యములు కనుగొనిరి. అందు 33 చోట్ల తప్పు మూలమున నుండెను, టీకయే సరియైనది. 27 చోట్ల టీక చెడియుండెను. కావున శుద్ధి చేయువాడు తొందరపడి టీకను మూలమునకు అనుగుణముగా దిద్దినచో, దోషమును పట్టియిచ్చు సాక్షిని తానే చెరిపినవాడగును.

ఈ ప్రశ్నయే మన భాషకు నూరేండ్ల నాడు ఎదురయ్యెను. వ్యాకరణము ఒకటి చెప్పుచుండగా జనుల వాడుక వేరొకటిగా నుండెను. వాడుకయే తప్పని జయంతి రామయ్య పంతులుగారి పక్షము. వాడుకయే మూలము, వ్యాకరణము దానికి టీక యని గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షము. మహాకవుల కావ్యములలోనే వ్యాకరణవిరుద్ధ ప్రయోగములను ఏరి చూపి గిడుగువారు తమ వాదమును నిలిపిరి. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడగా, గ్రాంథికమున ఎంతో వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులైరి, గిడుగువారు కార్యదర్శులు. సూర్యరాయాంధ్రము మాత్రము కావ్యభాషనే ప్రమాణముగా గైకొనినందున, జనుల నాలుకలపై నున్న ఎన్నో మాటలు టీక లేకయే మిగిలిపోయినవి. చెడిన టీక ఎంత లోపమో, లేని టీకయు అంత లోపమే.

టీకను శుద్ధి చేయువానికి పేరు రాదు. క్రొత్త ప్రోగ్రాము వ్రాసినవానిని పదిమంది గుర్తింతురు. నాలుగు పంక్తుల వ్యాఖ్యను సరిచేసినవానిని ఎవరును తలపరు. అయినను ఆ నాలుగు పంక్తులను నమ్మి లక్షలమంది పని సాగించుచుందురు. పైథాన్ లైబ్రరీ బహిరంగమైనది. ఎవరైనను చదివి, పరీక్షించి, దిద్దుబాటు పంపవచ్చును. 1946లో నెలకొనిన కాకినాడ ఇంజనీరింగు కళాశాల నాటినుండి ఈ మండలములవారెందరో యంత్రవిద్యలు నేర్చిరి. వారి పిల్లలలో కొందరు నేడు కంప్యూటరు ముందు కూర్చుండువారే. అట్టి బిడ్డ మీ యింట నున్నచో, టీకను దిద్దుట చిన్నపనియని తలపవలదని చెప్పుడు. మూలమును నడిపి చూచి, పొసగనిచోట తప్పు దేనిదో తేల్చుకొని, ఆధారము లేనిదానిని, అక్కరలేనిదానిని తొలగించి, లేనిదానిని చేర్చుట మల్లినాథుని నాటినుండి తెలుగువారి చేతిపని.