అరక్కోణం ముసలి విమానం, మన ఊరి ఎన్‌సీసీ

మంగంపేట అనగానే ముగ్గురాయి గనులు గుర్తొస్తాయి. ఈ ఎపిసోడ్ వాటి గురించి కాదు, మన ఓబులవారిపల్లె మీదుగా మద్రాసు వైపు పోయే రైలు దారి గురించి. కోడూరు, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి దాటితే అరక్కోణం వస్తుంది. ఆ స్టేషన్ మనోళ్లకు బాగా తెలుసు. ఆ ఊరి దగ్గరే ఐఎన్‌ఎస్ రాజాలి అనే నేవీ విమాన స్థావరం ఉందని మాత్రం చాలామందికి తెలీదు.

అది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్. 1992 మార్చిలో నేవీ స్థావరంగా మొదలైంది. రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై ఎయిర్‌పోర్ట్ మునిగినప్పుడు మామూలు ప్రయాణికుల విమానాలు కూడా ఇక్కడి నుంచే ఎగిరాయి. మిలిటరీ గేటు లోపలికి జనం సూట్‌కేసులతో పోవడం అనేది రోజూ జరిగే పని కాదు కదా!

ఇక్కడ ఉండిన పెద్ద విమానం పేరు టీయూ-142. సోవియట్ తయారీ. 1988లో మొదట గోవాకు వచ్చి, తర్వాత అరక్కోణం చేరింది. రెక్కల వెడల్పు దాదాపు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. దాని పని సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ సబ్‌మెరైన్లను వెతకడం. వచ్చిన ఏడాదే మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగితే ఆపరేషన్ కాక్టస్‌లో పాల్గొంది.

నన్ను ఆశ్చర్యపరిచేది దాని సైజు కాదు. 29 ఏళ్లు, 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం కూడా లేదు. మధ్యలో 1991లో తయారుచేసిన దేశమే విడిపోయింది. విడిభాగాలకు తిప్పలు. అయినా ఎగిరిందంటే ఆ ఘనత పైలట్లది మాత్రమే కాదు, కింద రెంచీ పట్టుకున్నోళ్లది కూడా. వాళ్ల ఫొటోలు ఎక్కడా కనపడవు.

2013 నుంచి పీ-8ఐ విమానాలు వచ్చాయి. 2017 మార్చి 29న టీయూ-142కు వీడ్కోలు చెప్పారు. అదే నెల 6న ఐఎన్‌ఎస్ విరాట్ నౌక కూడా రిటైరైంది. రెండింటి కథా ఒకేలా ముగియలేదు. విమానంలో ఒకటి విశాఖకు ఎగిరొచ్చింది. దాన్ని భాగాలుగా విప్పి రోడ్డు మీద బీచ్‌కు తెచ్చి, కుర్సురా సబ్‌మెరైన్‌కు ఎదురుగా మళ్లీ బిగించారు. దాదాపు 14 కోట్లు ఖర్చు. డిసెంబర్‌లో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. విరాట్‌ను మాకివ్వండని మన రాష్ట్రమూ అడిగింది, మహారాష్ట్ర కూడా మ్యూజియం ప్లాన్ వేసింది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న దగ్గరే ఆగిపోయింది. 2020లో అలంగ్‌కు లాక్కెళ్లి ముక్కలు చేశారు.

విమానానికి 14 కోట్లు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రాజాలి గేటు దగ్గర మన పిల్లోడిని లోపలికి రానివ్వరు. బీచ్‌లో అయితే టికెట్ కొని దాని కడుపులోకి పోయి చూడొచ్చు. కాకపోతే మంగంపేట నుంచి విశాఖ అంటే ఒక రాత్రంతా ప్రయాణం. మా ఊరి సెంటర్లో కూడా ఒక పాత విమానం పెట్టండి అని అడగడం తేలికే. ఎండకు, తుప్పుకు దాన్ని ఏళ్లపాటు ఎవరు చూసుకుంటారు? విరాట్‌ను ముంచింది ఇదే ప్రశ్న.

మన దగ్గర అంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఎన్‌సీసీ. 1948లో చట్టం చేసి మొదలుపెట్టారు. డిగ్రీలో సీ సర్టిఫికెట్ మంచి గ్రేడ్‌తో తెచ్చుకుంటే, ఆర్మీ ఆఫీసర్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుపు రావచ్చు. ఎయిర్ వింగ్ క్యాడెట్లకు చిన్న మైక్రోలైట్ విమానం ఎక్కే అవకాశం ఉంటుంది. చిన్నపిల్లలకైతే కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూల్ ఉంది. ఆరు, తొమ్మిది తరగతుల్లోకి ఎంట్రన్స్ రాయాలి. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే చెప్పండి, అమ్మాయిలకూ సీట్లున్నాయి.

ఎన్‌సీసీకి స్కూలే దరఖాస్తు పెట్టుకోవాలి, ఖాళీ ఉంటేనే ఇస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. క్యాడెట్లను నడిపించేది ఆ స్కూలు టీచరే. ఆ ట్రైనింగ్‌కు సార్లు నాగపూర్ దగ్గరున్న కామఠీకి, మేడమ్‌లు గ్వాలియర్‌కు పోవాలి. ఇల్లూ పిల్లలూ ఉన్నోళ్లకు అది చిన్న విషయం కాదు. అందుకే హెడ్‌మాస్టర్ దగ్గరికి పోయే ముందు, ట్రైనింగ్‌కు ఏ సారు ఒప్పుకుంటారో కనుక్కుని పోండి.