ఐర్లండ్ భూచట్టాలు: ఆచారం ఆస్తిగా మారిన క్రమం (1860–1903)

ఐర్లండ్ భూసంస్కరణల చరిత్రను చాలావరకు 1903 దగ్గర నిలబడి వెనక్కి చదువుతారు. భూస్వాముల ఎస్టేట్లు ప్రభుత్వ రుణంతో కౌలుదార్ల పరమయ్యాయన్నది ఆ చదువు సారాంశం. యాజమాన్యం చేతులు మారడానికి రెండు దశాబ్దాల ముందే అసలు మలుపు వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సాగుచేసేవాడికి ఆ భూమిలో సొంత ఆస్తి ఉందని 1881 చట్టం ఒప్పుకుంది. ఆ మాట ఒప్పుకున్నాక భూస్వామి అమ్ముకుని తప్పుకోవడం కాలం తేల్చే విషయమే అయింది.

1. ఒప్పందం, ఆచారం

డీసీ చట్టంగా పేరుపడ్డ 1860 నాటి చట్టం, కౌలు సంబంధానికి ఆధారం ఇరుపక్షాల ఒప్పందమే తప్ప పాత ఫ్యూడల్ బంధం కాదని 3వ సెక్షన్‌లో తేల్చింది. కాగితం మీద ఇద్దరూ సమానులే. ఊళ్లో పరిస్థితి వేరు. ఎక్కువమంది రైతులు రాతకోతలు లేకుండా ఏడాది కౌలు మీద బతికేవారు. ఇల్లు కట్టుకోవడం, గట్లు వేయడం, మురుగు కాలువలు తవ్వడం సాధారణంగా కౌలుదారు ఖర్చే. భూమి బాగుపడితే కౌలు పెరుగుతుందేమో, నోటీసు వస్తే పెట్టుబడి మొత్తం పోతుందేమో అన్న భయం వెన్నాడేది.

ఉత్తరాన అల్‌స్టర్‌లో మరో పద్ధతి నడిచింది. ఊరు వదిలి వెళ్లే కౌలుదారు తన సాగుహక్కును కొత్తగా వచ్చేవాడికి అమ్ముకునేవాడు. కొనేవాడు భూస్వామికి సమ్మతమైనవాడై ఉండాలి. పాత కౌలు బకాయిలు ఆ సొమ్ములోంచే తీరేవి కాబట్టి భూస్వామికీ ఇందులో లాభముంది. చట్టం గుర్తించని ఆస్తికి ఆ విధంగా బజారులో ధర పలికేది.

ఈ వాస్తవాన్ని సిద్ధాంతంగా మలచడంలో భారతదేశ అనుభవం పనికొచ్చింది. ఇక్కడ సివిల్ సర్వీసులో పనిచేసిన జార్జ్ కాంప్‌బెల్ 1869లో ఐర్లండ్ భూమిపై పుస్తకం రాశాడు. ఒకే భూమిలో ఇద్దరికి వేర్వేరు హక్కులు ఉండవచ్చని, ఐరిష్ రైతుది కూడా మన రైతు హక్కులాంటి ఆచార హక్కేనని అతని వాదం. అది ప్రధాని గ్లాడ్‌స్టన్‌ను ప్రభావితం చేసింది. 1870 చట్టం అల్‌స్టర్ ఆచారానికి చట్టబలం ఇచ్చింది. ఆ ఆచారం లేనిచోట బేదఖలైన రైతుకు పరిహారం ఏర్పాటు చేసింది. కౌలు బకాయిపడి బేదఖలైతే మాత్రం సాధారణంగా ఆ పరిహారం దక్కదు. 1870ల చివర పంటలు పోయి బకాయిలు పేరుకుపోయినప్పుడు ఆ లోపం బయటపడింది.

2. రెండు హక్కులు, ఒకే భూమి

1879 అక్టోబరులో డబ్లిన్‌లో పార్నెల్ అధ్యక్షుడిగా ల్యాండ్ లీగ్ ఏర్పడింది. దాన్ని నడిపించినవారిలో మైకేల్ డేవిట్ ముఖ్యుడు. మరుసటి ఏడు మేయో కౌంటీలో కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటును ఊరంతా వెలివేసింది. ఈ ఒత్తిడిలో వచ్చిన 1881 చట్టం న్యాయమైన కౌలు, సాగు భద్రత, హక్కును అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చింది. కౌలును 15 ఏళ్లకోసారి ల్యాండ్ కమిషన్ నిర్ణయించే వీలు కల్పించింది. రైతు చేసిన అభివృద్ధి మీద కౌలు వేయరాదన్న క్లాజు కూడా అందులో ఉంది. ఆడమ్స్, డన్సీత్ కేసులో అప్పీలు కోర్టు దాన్ని సంకుచితంగా వ్యాఖ్యానించింది. అయినా భూస్వామికి కౌలు పెంచే అధికారమూ, కౌలుదారును మార్చే అధికారమూ చాలావరకు పోయాయి. అతని చేతిలో మిగిలింది ఏటా వచ్చే కొంత ఆదాయం. అలాంటి ఆస్తిని అమ్మి సొమ్ము చేసుకోవడమే మేలని అతనికి తోచడం సహజం.

3. కొనుగోలు లెక్క

1885 యాష్‌బోర్న్ చట్టం భూమి ధర మొత్తాన్నీ రుణంగా ఇచ్చింది. రైతు ఏటా 4 శాతం చొప్పున 49 ఏళ్లు కట్టాలి. 1903 విండమ్ చట్టం దాన్ని 3.25 శాతానికి తగ్గించి, గడువును 68½ ఏళ్లకు పెంచింది. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఏటా 20 పౌన్లు కౌలు కట్టే రైతు 22 ఏళ్ల కౌలుకు సమానంగా 440 పౌన్లకు భూమి కొన్నాడనుకుందాం. అతని వార్షిక కిస్తీ 14 పౌన్ల 6 షిల్లింగులు. అంటే పాత కౌలుకంటే తక్కువ కట్టి సొంతదారు అవుతాడు. భూస్వామికి ధరపై 12 శాతం బోనస్‌ను ప్రభుత్వం ఇచ్చింది. ఇద్దరినీ ఒప్పించింది ఖజానాయే. ఇలా రుణంతో కొన్న భూములకు 1891 చట్టం హక్కు రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. ఆచారంగా నోటిమాట మీద నడిచిన హక్కు చివరకు ప్రభుత్వ రికార్డుకెక్కింది.

4. లెక్కకు అందనివారు

అప్పటికే కౌలు చేతిలో ఉన్నవాడే ఈ క్రమంలో యజమాని అయ్యాడు. వ్యవసాయ కూలీకి అమ్ముకోవడానికి సాగుహక్కు లేదు. అందుకే 1883 చట్టం అతనికి అద్దె ఇల్లు, దానితో అర ఎకరం వరకు స్థలం చూపించిందే గానీ, భూమిలో వాటా గుర్తించలేదు. మన జమీందారీ ప్రాంతాల్లోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. 1908 మద్రాసు ఎస్టేట్ల భూచట్టం రైతు జిరాయితీ హక్కును కాపాడింది. ఆ రైతు కింద పనిచేసే పాలేరుకు, కూలీకి అందులో చోటు లేదు.

5. ముగింపు

1937 ఐర్లండ్ రాజ్యాంగం 43వ అధికరణం సొంత ఆస్తిని చట్టాలకు ముందే ఉన్న సహజ హక్కుగా పేర్కొంది. అదే అధికరణం ఆ హక్కును సామాజిక న్యాయ సూత్రాలకు లోబరిచింది. పైన చూసిన చరిత్ర మొదటి మాటను సగమే సమర్థిస్తుంది. అల్‌స్టర్ రైతు హక్కు చట్టానికి ముందే ఉన్నమాట నిజం. కానీ అది దేశమంతటా ఆస్తిగా నిలబడటానికి ఉద్యమం, భూకోర్టులు, ప్రభుత్వ రుణం, రిజిస్టరు అన్నీ కావలసి వచ్చాయి. కాబట్టి ఐర్లండ్ భూచట్టాన్ని చదివే పరిశోధకుడు సెక్షన్ల దగ్గర ఆగకుండా, ఏ హక్కును ఎవరి ఖర్చుతో గుర్తించారో, ఎవరి హక్కును హక్కుగానే లెక్కించలేదో కూడా పరిశీలించాలి.