మొండితనం మూల్యం ఎవరి నెత్తిన?

హైదరాబాద్ పాతబస్తీలో ధిక్కారం అనగానే 1857 నాటి తుర్రేబాజ్ ఖాన్ పేరే ముందు వస్తుంది. అప్పటికే అక్కడ అదాలతులను లెక్కచేయని మరో వర్గం ఉండేది. నిజాం కొలువులో చేరిన అరబ్బు జమాదారులు, వాళ్ల సిపాయిలు వడ్డీ వ్యాపారం కూడా నడిపేవారు. బాకీ రాకపోతే దావా వేసే ఓపిక వాళ్లకు లేదు. అప్పు తీసుకున్నవాణ్ణి తమ ఇంటికే పట్టుకెళ్లి గదిలో పెట్టి తాళం వేసేవారు; డబ్బు ముట్టేదాకా తలుపు తెరుచుకునేది కాదు. సర్కారు హుకుం ఆ గడప దగ్గరే ఆగిపోయేది. 1853లో దివాన్ అయిన సాలార్ జంగ్ ఈ ఇంటి జైళ్లను ఒక్క దెబ్బతో మూయించలేకపోయాడు. జమాదారులనే తమ మనుషులకు పూచీదారులుగా చేసి, అరబ్బుల తగాదాలకు వేరే విచారణ ఏర్పరచి, మెల్లమెల్లగా దారికి తెచ్చాడు.

అదే సాలార్ జంగ్, బుల్దానా నుంచి పారిపోయి వచ్చిన సైనిక జమాదార్ చీదా ఖాన్‌ను బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. అతణ్ణి విడిపించాలని మక్కా మసీదులో జనం పోగయ్యారు. 1857 జూలై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి రోహిల్లా పఠాన్లతో కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడిచారు. ఎదుటి ఇళ్లలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు, తెల్లవారేసరికి వెనక్కి తగ్గారు. తర్వాత పట్టుబడ్డ తుర్రేబాజ్, అల్లావుద్దీన్ ఎక్కడున్నాడో ఎంత అడిగినా చెప్పలేదు. ద్వీపాంతరవాస శిక్ష పడింది. 1859 జనవరిలో తప్పించుకున్నాడు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరానికి తెచ్చి వేలాడదీశారు.

జమాదారు, తుర్రేబాజ్ ఇద్దరూ తుపాకీ పట్టినవారే కదా, ఒకరిని తప్పుపట్టి మరొకరిని మెచ్చుకోవడం ఏం న్యాయమని అడగవచ్చు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహులు నిషేధాన్ని కాదని తామే జైళ్లకు నడిచారు. తుర్రేబాజ్ మాత్రం జైలు నుంచి పారిపోయాడు కదా అనీ అనవచ్చు. ఆ తేడా నిజమే. అయినా శిక్షకు తల వంచడమే గీటురాయి అని నేను అనుకోను. జమాదారు మొండితనం ఖరీదు తాళం పడిన గదిలోని బాకీదారు చెల్లించాడు. తుర్రేబాజ్ తన మొండితనం ఖరీదు తన ప్రాణంతోనే కట్టాడు. ఆ రాత్రి నేలకూలిన రోహిల్లాల మాటేమిటంటే, వాళ్లూ ఇష్టపడి వెంట నడిచినవారే. అల్లావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు పంపారు. అక్కడే కన్నుమూశాడు, మక్కా మసీదు మెట్లు మళ్లీ ఎక్కలేదు.