విశాఖ జైలు ఖైదీ, రెండు సెక్షన్లు

విశాఖ సెంట్రల్ పార్కులో సాయంత్రమైతే పిల్లలు మ్యూజికల్ ఫౌంటెన్ చుట్టూ మూగుతారు. ఒకప్పుడు అక్కడ సెంట్రల్ జైలు ఉండేది. 1970లలో నక్సలైట్ ఖైదీలను ఉంచినచోట గోడమీద కరెంటు తీగ బిగించారు. అది తీసేయించమని సుప్రీంకోర్టుకెక్కిన ఖైదీల్లో గుణుపురం వకీలు నాగభూషణ్ పట్నాయక్ ఒకరు. ఉరిశిక్ష పడినా క్షమాభిక్ష అడగనన్న మనిషి. తర్వాత అది యావజ్జీవమైంది. 1974లో పిటిషన్ నెగ్గలేదు గానీ, శిక్ష పడినంత మాత్రాన ఖైదీకి ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు తేల్చింది.

ఇరవై ఏళ్లకు ఆయన పేరు అదే కోర్టులో మళ్లీ వినబడింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన ఐపీసీ 309 చెల్లదని, దానికింద తనపై పెట్టిన కేసు కొట్టేయాలని ఆయన కోరారు. ఆ సెక్షన్ చెల్లుతుందని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, చెల్లదని బొంబాయి హైకోర్టు అంతకుముందే చెప్పి ఉన్నాయి. 1994 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు 309ని కొట్టేసింది.

దాంతో పంజాబ్ నుంచి కొత్త వాదన వచ్చింది. ఆత్మహత్యకు ప్రేరేపించారని 306 కింద శిక్ష పడిన గ్యాన్ కౌర్ దంపతులు అడిగారు: చావడం హక్కయితే అందుకు తోడ్పడటం నేరమెలా అవుతుంది? 1996 మార్చి 21న జస్టిస్ జె.ఎస్. వర్మ నేతృత్వంలోని ఐదుగురి ధర్మాసనం, జీవించే హక్కులో చచ్చే హక్కు లేదంది. 309 లేకపోయినా 306 తనకాళ్లమీద తాను నిలబడే సెక్షనే అంది. రెండూ చెల్లుతాయంది.

306 నిలవడం న్యాయమే. కట్నం కోసం కోడల్ని రోజూ మాటలతో పొడిచి పొడిచి నూతిదాకా నెట్టినవాళ్లు, ఆమే దూకిందని చేతులు దులుపుకోకూడదు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఇలాంటి చావు జరిగి, అత్తింటి క్రూరత్వం రుజువైతే, ప్రేరేపణ జరిగిందని కోర్టు భావించవచ్చని 1983లోనే సాక్ష్య చట్టంలో చేర్చారు. కానీ బతికి బయటపడ్డ మనిషి ఆసుపత్రి మంచం పక్కన పోలీసును నిలబెట్టిన 309 మళ్లీ ప్రాణం పోసుకోవడం మాత్రం అన్యాయం.

నాగభూషణ్ 1998లో కన్నుమూశారు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. 306 ఇప్పుడు 108. శిక్ష పదేళ్ల వరకు. అయితే ప్రభుత్వోద్యోగి చేత పని చేయించాలనో ఆపించాలనో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే 226 కింద ఏడాది వరకు జైలు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం అమృతరావు ఆమరణ దీక్షకు కూర్చున్న ఊరు మనది. అలాంటి దీక్షలపైనా ప్రయోగించే వీలున్న ఈ 226ను మనం జాగ్రత్తగా చదవాలి.

బతుకు భారమనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడతారు.