నికల్సన్ ముద్ర, చెలర్ పనితనం: రెంథామ్ చిత్రికలపై ఒక పరిశీలన

అమెరికాలో చిత్రికల తయారీదారుగా దస్తావేజులకెక్కిన తొలి వ్యక్తి ఫ్రాన్సిస్ నికల్సన్ (1683–1753). మసాచుసెట్స్‌లో బోస్టన్‌కు నైరుతి దిక్కున ఉన్న రెంథామ్‌లో ఆయన పనిశాల ఉండేది. కొడుకు జాన్ కూడా అదే పని చేశాడు. ఆ పనిశాలలో మూడో మనిషి సీజర్ చెలర్, నికల్సన్‌కు బానిస. ముగ్గురి ముద్రలతోనూ చిత్రికలు నేటికీ మిగిలి ఉన్నాయి. నికల్సన్ ముద్ర ఉన్న చిత్రిక నిజంగా ఎవరి పని అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

పద్దెనిమిదో శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్ కలవారి ఇళ్లకు చెక్క నగిషీలు బాగా అవసరమయ్యాయి. తలుపు చట్రం, కిటికీ, గోడ పలక అంచుల్లో తీర్చే వంపు ఏదైనా, దానికి తగిన చిత్రిక విడిగా ఉండాలి. చిత్రిక అడుగుభాగాన్ని ఆ వంపుకు సరిగ్గా తిరగేసిన ఆకారంలో చెక్కాలి. ఇనుప బ్లేడు అంచునూ అదే ఆకారంలో అరగదీయాలి. బ్లేడును బిగించే చెక్క చీల పూర్తిగా అతుక్కోకపోతే బ్లేడు అదిరి, పని మీద గాట్లు పడతాయి. చెక్కపొట్టు బయటికి వచ్చే దారి ఇరుకైతే అడుగడుగునా ఆగాల్సిందే. ఎవరో చెప్పింది విని చేసే పని కాదిది, ఏళ్లు పడుతుంది.

రెంథామ్ చిత్రికలను గుర్తుపట్టడం కష్టం కాదు. పసుపు బర్చ్ కర్ర, సుమారు 10 అంగుళాల పొడవు, పై అంచుల్లో వెడల్పుగా, చదునుగా చెక్కిన ఏటవాళ్లు. నికల్సన్ పేరున్న వాటిలోనూ చెలర్ పేరున్న వాటిలోనూ ఈ లక్షణాలు కనిపిస్తాయి. శిష్యుడు గురువును అనుకరించాడని దీన్ని వివరించడం పరిపాటి. ఆ వివరణ నాకు చాలదు. ఒకే పనిబల్లల దగ్గర ఏళ్ల తరబడి కలిసి పనిచేసినప్పుడు శైలి ఎటునుంచి ఎటు ప్రవహించిందో ముద్ర చెప్పదు. ముద్ర చెప్పేది ఆ సరుకు ఎవరిదన్నది మాత్రమే. బానిస చేసిన వస్తువు మీద యజమాని పేరు పడటం నాటి చట్టం దృష్టిలో సహజమే.

నికల్సన్ తన వీలునామాలో చెలర్ సేవను మెచ్చుకుని అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు. దాంతోపాటు పనిబల్ల, పనిముట్లు, మంచం, పరుపు, 10 ఎకరాల నేల, పనికి కలప కూడా రాసిచ్చాడు. దీన్ని ఉదారత అని వదిలేయకూడదు. బానిసను విడిపించేవారు 50 పౌండ్ల హామీ కట్టాలని, లేదంటే ఆ విడుదల చెల్లదని మసాచుసెట్స్ 1703లోనే చట్టం చేసింది. విడుదలైన మనిషి ఊరికి భారం కాకూడదన్నది దాని ఉద్దేశం. జీవనోపాధి ఇచ్చి విడిపించడం వెనుక అభిమానంతోపాటు ఈ లెక్క కూడా ఉండే వీలుంది. మరో సంగతి: ఆ పనిబల్ల మీద, ఆ పనిముట్లతో పనిచేసినవాడు చెలరే. తన చేతిలోనివే అతనికి ఆస్తిగా దక్కాయి.

చెలర్ రెంథామ్‌లోనే స్థిరపడి, 1758లో జూడిత్ రస్సెల్‌ను పెళ్లాడాడు. అతని ముద్రలో పేరుతోపాటు ‘రెంథామ్‌లో నివసించేవాడు’ అన్న మాటలూ ఉంటాయి. ఇదే పద్ధతి యజమాని ముద్రలోనూ ఉంది. కానీ నికల్సన్ విషయంలో అది చిరునామా. అప్పటిదాకా మరొకరి ఆస్తిగా లెక్కకెక్కిన మనిషి విషయంలో పౌరుడిగా తనను తాను నమోదు చేసుకోవడం. 1783లో క్వాక్ వాకర్ కేసులో తీర్పు మసాచుసెట్స్‌లో బానిసత్వానికి చట్టబద్ధమైన ఆధారం లేకుండా చేసింది. మరుసటి ఏడాది చెలర్ మరణించాడు.

చెలర్ ముద్ర ఉన్న చిత్రికలు 1753 తర్వాతివన్న అభిప్రాయం పరిశోధకుల్లో బలంగా ఉంది. అదే నిజమైతే, అంతకుముందు అతను చేసిన పని ఎక్కడికీ పోలేదు, నికల్సన్ పేరు కింద ఉంది. కాబట్టి నికల్సన్ చివరి ఏళ్ల చిత్రికల పక్కన ‘తయారీదారు: ఫ్రాన్సిస్ నికల్సన్’ అని రాయడం కన్నా ‘నికల్సన్ పనిశాల’ అని రాయడం సరైనది. ఏటవాళ్ల కొలతలు, చీల తల వంపు, ఉలి గుర్తులు రెండు ముద్రల చిత్రికల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నింటినైనా చెలర్‌కు ఇవ్వగల ఆధారం దొరకవచ్చు.