రియోహా కాకపోతే రంపచోడవరం - ఒక కల్లు యాత్ర ప్లాను

మొన్నామధ్య మా టీములో ఇద్దరు స్పెయిన్ ట్రిప్పు ప్లాన్ చేశారు. మామూలు ట్రిప్పు కాదు. రియోహా అని ఉత్తర స్పెయిన్‌లో ద్రాక్షతోటల ప్రాంతం ఉందిలెండి, అక్కడ కారు అద్దెకి తీసుకుని ఊరూరా తిరుగుతూ వైన్ రుచి చూస్తారట. దానికో ఎక్సెల్ షీటు. రోజుకి ఎన్ని వైనరీలు, ఏ ఊళ్ళో రాత్రి బస, ఏ రోజు ఎవరు చుక్క ముట్టకుండా డ్రైవింగ్ చెయ్యాలి... అచ్చం మా ఆన్-కాల్ రోస్టర్ లాగే ఉంది.

నన్నూ రమ్మన్నారు. లీవుల్లేవన్నాను (డబ్బులు కూడా లేవనుకోండి, అది వేరే విషయం). అప్పుడు ఒకడు అడిగాడు, "మీ గోదావరిలో ఇలాంటివేమీ లేవా?" అని. నేను నోరు తెరిచేలోపే రెండోవాడు అందుకున్నాడు. "ఎందుకు లేవు, ద్రాక్షారామం ఉందిగా!"

అందరం నవ్వుకున్నాం. ద్రాక్షారామంలో ద్రాక్ష ఏమీ ఉండదు. అసలు పేరు దాక్షారామం, దక్షుడి పేరు మీద వచ్చింది. మనవాళ్ళు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు రకాలు చేశారు గానీ, కోనసీమలో దొరికేవి వెనక రెండే. అరటీ, కొబ్బరీ.

కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనకి ద్రాక్ష లేదు సరే, తాడిచెట్టుంది కదా? ఈతచెట్టుంది, మన్యంలో జీలుగుచెట్టుంది. వాళ్ళ వైన్‌కి యాత్రా, మన కల్లుకి సిగ్గూ ఎందుకొచ్చాయి? పొద్దున్నే లేచి నేనూ ఒక షీటు మొదలెట్టాను. తాగడానికి కాదు, తెలుసుకోడానికి. తాగమని ఎవరికీ చెప్పను కూడా. నాలుగు మజిలీలు తేలాయి.

మొదటి మజిలీ: రంపచోడవరం.

రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా వెళ్ళాలి. మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తిని ఫోటోలు దిగే మనవాళ్ళందరూ ఈ ఊరు దాటే వెళ్తారు. 1879 మార్చిలో ఇక్కడ పెద్ద తిరుగుబాటు లేచింది. రంప పితూరీ అంటే మనకి వెంటనే అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు, కానీ అది 1922లో. ఇది అంతకు నలభై మూడేళ్ళ ముందుది. దీనికి నిప్పంటించిన కారణాల్లో పెద్దది ఏంటో తెలుసా? కల్లు.

కొండల్లో వాళ్ళకి జీలుగు కల్లు మత్తు కోసం తాగే సరుకు మాత్రమే కాదు, ఎండాకాలంలో కడుపు నింపేదీ అదే. చెట్టు వాళ్ళ ఇంటి ముందుది, గీసుకునేది వాళ్ళు, తాగేది వాళ్ళు. మద్రాసు ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టి లైసెన్సు లేకుండా కల్లు గీయకూడదంది. కల్లు మీద హక్కుని కాంట్రాక్టర్లకి పాటకిచ్చింది. అంతకుముందే రంప మన్సబ్‌దారు చిగురు పన్ను పేరుతో పిండుతున్నాడు. అంటే తన చెట్టు తను గీసుకోడానికి మనిషి ఇద్దరికి కప్పం కట్టాలి. కోర్టుకి వెళ్దామా అంటే, కోర్టు కాగితం చదవగలిగినవాడు వడ్డీ వ్యాపారి ఒక్కడే.

పోలీసు స్టేషన్ల మీద దాడులతో మొదలైంది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి నాయకులు. గొలుగొండ కొండలకీ, భద్రాచలం వైపుకీ పాకింది. అణచడానికి ఆ ఏడాదంతా, మర్నాటేడు కూడా పట్టింది. చంద్రయ్యని 1880లో చంపేశారు. పట్టుబడ్డవాళ్ళలో కొందరిని అండమాన్ పంపారు. మన్సబ్‌దారునీ పీకేశారు. ఒక ముంత కల్లు మీద పన్ను వెయ్యబోతే ఒక యుద్ధం జరిగిందన్నమాట.

ఇంకో విచిత్రం చూడండి. తర్వాత అదే కొండల్లోకి వచ్చిన సీతారామరాజు, తిరుగుబాటుకి ముందు మన్యం వాళ్ళకి చెప్పినవాటిలో ముఖ్యమైనది తాగుడు మానమని! కల్లు కోసం పోరాడినవాళ్ళ మనవల తరం కల్లు మానేసి పోరాడింది. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. తాగాలో మానాలో మేం తేల్చుకుంటాం, నువ్వెవడివి అన్నదే రెండుసార్లూ ప్రశ్న.

రెండో మజిలీ: ధవళేశ్వరం.

వెనక్కి రాజమండ్రి వచ్చి, కాటన్ దొర ఆనకట్ట దగ్గర ఆగాలి. 1847లో మొదలై 1852కి పూర్తయింది. డెల్టా అంతా వరిచేలయింది, గట్ల మీద తాడిచెట్లు నిలబడ్డాయి. ఇక్కడే రియోహాతో పోలిక బాగా కుదురుతుంది.

రియోహా కూడా ఒకప్పుడు మారుమూల ప్రాంతమే. 1860లలో ఆరో అనే ఊరికి రైలొచ్చింది. అదే రోజుల్లో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా అనే పురుగు తినడం మొదలెట్టింది. ఫ్రెంచి వ్యాపారులు సరుకు వెతుక్కుంటూ ఆరో వచ్చారు. రైల్వే స్టేషన్ చుట్టూనే వైనరీలు వెలిశాయి, ఇప్పటికీ ఉన్నాయి. 1925లో రియోహా అన్న పేరుకి అధికారిక రక్షణ వచ్చింది. ఆ ప్రాంతంలో పండి, ఆ పద్ధతిలో తయారైతేనే ఆ పేరు పెట్టుకోవాలి. సరిగ్గా అదే 1925లో ఇక్కడ తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఏర్పడ్డాయి. అక్కడ గీత గీసింది పేరు కాపాడ్డానికి, ఇక్కడ కలెక్టరుకి పాలన సులువు కావడానికి. గీతలన్నీ ఒకటి కాదు కదా.

మనకీ కాలవలొచ్చాయి, పడవలొచ్చాయి, తర్వాత రైలూ వచ్చింది. మరి కల్లు ఎందుకు ఎక్కడికీ వెళ్ళలేదు? సమాధానం చెట్టులోనే ఉంది. ద్రాక్ష ఏడాదికోసారి కోస్తారు. రసం పిండి, పులియబెట్టి, పీపాలో పోసి ఏళ్ళ తరబడి దాస్తారు. పాతబడేకొద్దీ రేటు పెరుగుతుంది. తాటికల్లు అలా కాదు. చెట్టు మీద లొట్టిలో ఉండగానే పులవడం మొదలవుతుంది. పొద్దున్న తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి పాడవుతుంది. లొట్టికి లోపల సున్నం రాస్తే పులవకుండా ఆగుతుంది గానీ, అప్పుడది నీరా, కాస్తే తాటిబెల్లం. మన భాషలో చెప్పాలంటే వైన్ హార్డ్ డిస్కులో సేవ్ అవుతుంది, కల్లు ర్యామ్‌లోనే ఉండిపోతుంది. కరెంటు పోతే అంతే.

దాచలేనిదానికి వ్యాపారి దొరకడు, కానీ పన్ను వేసేవాడు దొరికాడు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకింత అని పన్ను, దుకాణానికి పాట. వేల చెట్ల మీద, వేల మంది గీతగాళ్ళ మీద నిఘా పెట్టడం సర్కారుకి తలనొప్పి. అదే సారా అయితే ఒక్కచోట వండించి, పీపాలు లెక్కపెట్టి, పన్ను వసూలు చెయ్యొచ్చు. సామర్లకోటలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి కంపెనీ పేరు దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. చక్కెరా ఆబ్కారీ ఒకే బోర్డు మీద! మద్రాసు రాష్ట్రం ఖజానాకి భూమిశిస్తు పక్కన నిలబడే ఆదాయం ఈ ఆబ్కారీయే.

ఎంత ఆదాయమంటే, 1937లో రాజాజీ సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టాక, పడిన గండి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. దేశంలో మొట్టమొదటి జనరల్ సేల్స్ టాక్స్ అదే. ఈసారి బిల్లులో జీఎస్టీ చూసి తిట్టుకునేటప్పుడు దాని తాతగారి జన్మకారణం గుర్తు చేసుకోండి.

మూడో మజిలీకి ఊరు లేదు, ఒక ఓటు ఉంది.

1948కి మద్యనిషేధం మద్రాసు రాష్ట్రమంతా వచ్చింది. కల్లుగీతే బతుకుగా ఉన్న లక్షల మంది ఒక్కసారిగా నేరస్థులైపోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే నిషేధం వారసత్వంగా వచ్చింది. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తెయ్యమని చెప్పింది. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున నిలబడ్డారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. తుపాకీకి గుండె చూపించిన మనిషిని దించింది తాడిచెట్టు. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి విషయం ఉన్నంత వివరంగా రెండోది నేనైతే చదువుకున్న గుర్తు లేదు.

నాలుగో మజిలీ: యానాం.

రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వెళ్తే గౌతమి ఒడ్డున యానాం. 1723లో ఫ్రెంచివాళ్ళు ఇక్కడ అడుగుపెట్టారు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. చుట్టూ ఒక చట్టం, లోపల ఇంకో చట్టం. బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చినప్పుడు మన జిల్లావాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు, కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. 1948 తర్వాత మద్రాసు నిషేధం కూడా ఈ గీత దాటి లోపలికి రాలేదు.

1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య లాంటివాళ్ళ నాయకత్వంలో విలీనవాదులు యానాంని పట్టుకున్నారు. నవంబరు 1న ఫ్రాన్స్ పాలన అప్పగించింది. చూశారా, కర్నూలులో కల్లు వల్ల ప్రభుత్వం పడింది కూడా ఆ నెలలోనే! అయినా యానాం పుదుచ్చేరిలో భాగంగా ఉండిపోవడంతో పన్నుల తేడా పోలేదు. దూబగుంట ఆడవాళ్ళ సారా పోరాటం దారి చూపించాక 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో ఎత్తేసేదాకా యానాం బస్సులు ఎందుకు కిటకిటలాడేవో మా జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు.

ఇక్కడ ఒక్క మాట. దూబగుంట ఆడవాళ్ళు తప్పని నేననను. సారా పాటల ఆదాయం కోసం ఊరూరా ప్యాకెట్లు పంపింది సర్కారే, దెబ్బలు తిన్నది ఆడవాళ్ళు. నా కోపం వేరే. నూరేళ్ళకి పైగా మన ప్రభుత్వాలు, తెల్లవైనా నల్లవైనా, ఈ చెట్టుని చూసింది రెండు రకాలుగానే. పన్నుగానో, పాపంగానో. ఒక పనితనంగా ఎప్పుడూ చూడలేదు. రియోహాలో ద్రాక్ష కోసేవాడి ఊరికి పేరొచ్చింది. ఇక్కడ రోజుకి రెండుసార్లు చెట్టెక్కి దిగేవాడికి వచ్చిందేంటి?

షీటు పూర్తయ్యాక మా ఊరి ఫ్రెండుకి ఫోన్ చేశాను. వాళ్ళ నాన్నగారు కల్లు గీసేవారు. మోకు వేసుకుని ఎక్కీ ఎక్కీ ఆయన ఛాతీ మీద చర్మం చెట్టుబెరడులా ఉండేది. ఆ డబ్బులతోనే వీడు ఇంజనీరింగ్ చదివాడు. కాలేజీ అప్లికేషన్‌లో తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాశాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు.

ప్లాను మొత్తం విన్నాడు. "బానే ఉందిరా. కానీ టేస్టింగూ గీస్టింగూ అనకు, నాన్న నవ్వుతాడు" అన్నాడు. కాసేపాగి, "మోకు ఇంకా అటక మీదే ఉంది. పారేద్దామంటే ఒప్పుకోడు. నువ్వొస్తే దింపి చూపిస్తాడులే" అన్నాడు.

బాబాయ్ ఫోన్ తీసుకుని ఒకటే అడిగారు. "ఎప్పుడొస్తావ్? తాటికల్లుకయితే ఎండలు ముదరాలి, ఈతకల్లుకయితే చలికాలం రావాలి. నీ లీవు చూసి చెట్టు పారదు, ఆయ్."

షీటులో తేదీల కాలమ్ చెరిపేశాను. మొదటి వరసలో మా ఊరు చేర్చాను.