బండి వేడి – బెజవాడ నేర్పు

మోటారు బండి చరిత్ర చెప్పవలెనన్నచో అందరును ఇంజనుతో మొదలిడుదురు. ఎంత అశ్వశక్తి, గంటకు ఎన్ని మైళ్లు, ఎవరు కొనిరి, ఎవరు నడిపిరి అను లెక్కలే అందు ముఖ్యములగును. కృష్ణా డెల్టా బాటలమీద మోటారు నడచిన కథను మరియొక కొసనుండి గూడ చెప్పవచ్చును. అది వేడి కొస. ఇంజనులో కాలిన చమురు బలమున చక్రమునకు చేరునది ఇంచుమించు మూడవవంతు మాత్రమే. తక్కినదంతయు వేడియై కొంత పొగగొట్టము ద్వారా, కొంత రేడియేటరు ద్వారా గాలిలో కలియవలసినదే. ఆ వేడిని సవ్యముగా సాగనంపినంతవరకే బండి బ్రతుకు. చలిదేశములవారు తమ వాడుకకు చేసికొన్న బండ్లు మన రోహిణీకార్తె ఎండలోనికి వచ్చినప్పుడు ఆ సాగనంపు పనిని ఇచ్చటివారు ఎట్లు నిర్వహించిరో కొంత మనవి చేసెదను. పికప్పు బండి ముందుభాగమున బిగించు ఒక చిన్న నూనె చల్లార్పు పెట్టెవద్ద ఈ ప్రసంగము ముగియును.

1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమ సరకంతయు చాలకాలము పడవలమీదనే నడచెను. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలియుటచేతను, కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలియుటచేతను కాకినాడనుండి మదరాసు వరకు నీటిబాట యేర్పడినది. తెరచాపకును, తాడుపట్టి గట్టున నడచు మనుష్యునకును రేడియేటరు అక్కరలేదు గదా! కావున ఆ కాలమును ఇంతటితో విడుతును.

మోటారు బస్సులు వచ్చిన తరువాత వాటికి దొరికిన బాటలలో అనేకము కాలువగట్లే. ఇరుకు దారి, నిండు బరువు, మెల్లని నడక: ఇంజనునకు ఇంతకంటె కష్టమైన కొలువు లేదు. బండి వేగముగ పోవునపుడు ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును. మెల్లగ ప్రాకునపుడు ఇంజను శ్రమ తగ్గకయే గాలి మాత్రము తగ్గును. పైగా 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టి రకము వంటి బండ్లలో చాలవాటికి నీటిపంపు లేదు. కాగిన నీరు తేలికయై పైకి పోవుట, చల్లని నీరు బరువై క్రిందికి దిగుట అను సహజగుణముమీదనే వాటి ఏర్పాటంతయు ఆధారపడినది. మూత తెరచినంతనే ఆవిరి చిమ్ముట, క్లీనరు డబ్బా పట్టుకొని కాలువలోనికి దిగుట, ప్రయాణికులు చెట్టునీడను చేరి వక్కాకు వేసికొనుట ఆ తరము పెద్దలు చెప్పుకొన్న దృశ్యములు.

ఆ కాలువ నీటిలోనే ఒక చిక్కు కలదు. కృష్ణ వరదనీటిలోని ఒండ్రు పొలమునకు బలము, రేడియేటరు గొట్టములకు మాత్రము కీడు. సన్నని రాగి, ఇత్తడి గొట్టములలో ఆ మట్టి పేరుకొని గట్టిపడును. అప్పుడు రేడియేటరును దింపి, పైతొట్టిని, క్రిందితొట్టిని టంకము కరగించి ఊడదీసి, బద్దవంటి సన్నని కడ్డీని ఒక్కొక్క గొట్టములోనికి దూర్చి మట్టిని నెట్టివేసి, మరల మాటువేసి, నీటితొట్టిలో ముంచి గాలి కొట్టి బుడగలు వచ్చుచున్నవేమో చూచుకొనవలెను. ఇది బడిలో నేర్పిన విద్య కాదు. కంచరి, కమ్మరి వృత్తులవారి చేతులలో ఇదివరకే యున్న నేర్పునకు మోటారు యుగమున దొరికిన క్రొత్త పని ఇది.

తరువాత రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1941లో పెట్రోలునకు రేషను విధింపబడెను. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి చమురు మనకు రాకుండెను. మదరాసు రాష్ట్రమంతట బస్సులకు బొగ్గు గ్యాసు పెట్టెలు అమర్చిరి. వీటిని గూర్చి కొంత విపులముగ చెప్పుటకు కారణము కలదు. తయారుచేసినవాడు పెట్టి పంపని యంత్రభాగమును కొన్నవాడు తానే పెట్టించుకొనుట మన బాటలపై అంత విరివిగా జరిగినది అదియే మొదలని నా అభిప్రాయము.

బస్సు వెనుక నిలువెత్తు ఇనుప పీపా. అందు కట్టెబొగ్గు నింపి నిప్పు రాజవేసి, క్లీనరు చేతితో చక్రము త్రిప్పి గాలి ఊదవలెను. కొంతసేపటికి గ్యాసు పుట్టును. అందు మండు భాగము ముఖ్యముగ కార్బన్ మోనాక్సైడు, కొంచెము హైడ్రోజను. సగము పైచిలుకు మండని నత్రజని. ఈ గ్యాసు నిప్పుల మధ్యనుండి వచ్చినది గనుక అతి వేడిగ నుండును, బూడిదయు దానితో వచ్చును. దానిని ఉన్నదున్నట్లు ఇంజనులోనికి పంపిన రెండు కీడులు కలవు. బూడిద లోపలి భాగములను అరగదీయును. అంతకు మించిన చిక్కు వేడిది: వేడిగ్యాసు ఉబ్బి పలుచనైయుండుటచేత ఇంజను ఒక్కొక్క గుక్కలో పీల్చునది స్వల్పమగును, ఆ మేరకు బలము తగ్గును. కావున పీపానుండి ఇంజనునకు పోవు దారిలో గ్యాసును చల్లార్చుటకు గాలి తగులునట్లు పొడవైన గొట్టములను బండి క్రిందనో పైకప్పుపైననో త్రిప్పిరి. పిదప గుడ్డ, పీచు వంటి వానితో వడగట్టిరి. ఇంత చేసినను పెట్రోలుతో వచ్చు బలములో మూడవవంతు మొదలు సగము వరకు పోయెడిది. వంతెన ఎక్కునపుడు ప్రయాణికులు దిగి నెట్టిన కథలు కల్పనలు కావు. కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషమగుటచేత మూసిన షెడ్డులో పీపా వెలిగించుట ప్రాణాపాయకరమైన పనియు గూడ.

ఆ గొట్టములు ఎంత పొడవుండవలెను, ఎన్ని మెలికలు తిరుగవలెను అను విషయము బండి బండికి మారెడిది. కొలతకు మించి పొడిగించినచో ఇంజను పీల్చుటకే కష్టపడును, తగ్గించినచో గ్యాసు చల్లారదు. చల్లార్చుటకును ప్రవాహమునకును మధ్యనున్న ఈ పేచీ నేటి నూనె చల్లార్పు పెట్టెలోను అట్లే యున్నది. యుద్ధానంతరము పెట్రోలు సులభముగ దొరకుటతో పీపాలు తుక్కునకు పోయినవి. అమర్చిన చేతులు మాత్రము మిగిలినవి.

1957లో ప్రకాశము బ్యారేజి పూర్తియై దానిమీదుగ రోడ్డు పడెను. మదరాసు–కలకత్తా రహదారియు, హైదరాబాదు–బందరు రహదారియు కలియు కూడలి గనుక విజయవాడ లారీలకు నెలవైనది. ఇంతలో బస్సుల విషయమున ఒక పెద్ద వ్యాజ్యము నడచెను. 1958 జనవరి 11న ఏర్పడిన రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ కృష్ణా జిల్లా బస్సులను చేపట్టదలచగా యజమానులు సుప్రీము కోర్టుకెక్కిరి. ఆ ఏడే నవంబరులో గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసున వాదము విన్నది ఒకరు, తీర్పు చెప్పినది వేరొకరు అగుట న్యాయము కాదని కోర్టు తేల్చెను. నేటికిని న్యాయవాదులు ఈ తీర్పును ఉదాహరింతురు. లోపమును సవరించుకొన్న పిమ్మట 1959లో జిల్లా బస్సులు సంస్థ చేతికి వచ్చినవి. దీనిని ఇచ్చట తలచుట ఊరక కాదు. సంస్థ డిపోలో బండికి ఏ మార్పు చేయవలెనన్నను నిబంధన కావలెను. సొంత లారీవానికి షెడ్డు మేస్త్రీ మాటయే చాలును. కావున బండిని మన ఎండకు, మన బరువునకు తగినట్లు దిద్దుకొను నేర్పు అటుపిమ్మట లారీల వెంటనే పోయినది.

1960ల దశకమున పట్టణములో చెల్లాచెదరుగనున్న షెడ్లు తూర్పున జవహర్ ఆటోనగరుకు చేరినవి. జెంషెడ్పూరునుండియు మదరాసునుండియు వట్టి చాసీలుగ వచ్చిన లారీలకు ఇచ్చట చెక్కబాడీలు కట్టిరి, కమాను పట్టీలు హెచ్చించిరి, రేడియేటరులను బాగుచేసిరి. ఆ లారీలలో గేరు మార్చుటకు చేతికర్రయు, కాలిక్రింద క్లచ్చియు నుండును. పండ్ల చక్రములు నేరుగ ఒరసికొను అట్టి గేరుపెట్టెలో నష్టమగు బలము అతిస్వల్పము. చిక్కని గేరాయిలు పోసి, సమయమునకు మార్చినచో చాలును. గేరుపెట్టెకు ప్రత్యేకముగ చల్లదనము కావలెనని దశాబ్దములపాటు ఆటోనగరులో ఎవరికిని తోచకపోవుటకు కారణమిదియే.

క్లచ్చి లేని గేరు వచ్చిన తోవ వేరు. జర్మనీలో హెర్మన్ ఫొట్టింగరు 1905లో ఓడల ఆవిరి టర్బైనుకు, నీటిని త్రోయు మరకును నడుమ ద్రవమును ఉంచి బలమును అందించు ఉపాయము కనిపెట్టెను. రెండు పంకాలు ఎదురెదురుగ నూనెలో మునిగియుండును. ఒకటి త్రిప్పిన నూనె రెండవదానిని త్రిప్పును. 1939లో అమెరికాలో జనరల్ మోటార్సువారు ఓల్డ్స్‌మొబైలు కారులో హైడ్రా-మాటిక్ అను పేర దానంతట అదే మారు గేరును ప్రవేశపెట్టిరి. 1953 నాటికి అచ్చటి ఫోర్డు పికప్పులకును అట్టి గేరు దొరకసాగెను. నూనెలో జారుచు బలమందించు ఈ పద్ధతి సుఖమైనదే గాని జారిన ప్రతి మలుపును వేడియై మిగులును. నూరు అశ్వశక్తిలో ఇరువది జారిపోయినవనుకొందము. అది సుమారు 15 కిలోవాట్లు; కిలోవాటు ఇస్త్రీ పెట్టెలు పదునైదు గేరునూనెలో ముంచి వెలిగించినట్లు! బండి వేగమందుకొన్నపుడు రెండు పంకాలను బిగించి జారుడును ఆపు ఏర్పాటు తరువాత వచ్చినది. బరువుతో ప్రాకునపుడు ఆ బిగింపు పనిచేయదు.

ఈ నూనెను చల్లార్చుటకు కర్మాగారమువారు సాధారణముగ దానిని ఇంజను రేడియేటరు తొట్టిలోని చిన్న గొట్టముద్వారా త్రిప్పుదురు. కాని ఇంజను నీరే 90 డిగ్రీల దరిని ఉండునది. నూనె దానికంటె చల్లబడుట ఎట్లు? 45 డిగ్రీల మన వేసవి గాలి మనకు నిప్పులకొలిమియైనను నూనెకు చల్లనిదే. అందుచేత పడవలను, ఇండ్లబండ్లను లాగుకొనిపోవు అమెరికనులు రేడియేటరు ముందు గాలి తగులునట్లు వేరొక చిన్న పెట్టెను కొని బిగించుకొనసాగిరి.

మన సీమకు ఈ ప్రశ్న ఇటీవల వచ్చినది. 2016లో శ్రీసిటీలో ఇసుజువారి కర్మాగారము ప్రారంభమయ్యెను. 2019లో వారి డి-మాక్స్ వి-క్రాస్ పికప్పు క్లచ్చి లేని గేరుతోను వెలువడెను. 2022లో టొయోటావారి హైలక్సు వచ్చినది. నేటికిని డెల్టాలో సరకు మోయు పికప్పులలో అత్యధికము క్లచ్చి బండ్లే. అయినను కైకలూరు వైపు చేపలచెరువుల గట్లమీద బరువుతో ప్రాకవలసిన ఏ ఆటోమేటిక్ బండికైనను పై లెక్క తప్పదు. నల్లరేగడి బురదలో మేతబస్తాలతో, మంచుగడ్డల పెట్టెలతో మొదటి గేరులో మైళ్లకొలది పోవుటయనగా పూర్వపు కాలువగట్టు బస్సు కష్టమే. గేరునూనె వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినకొలది దాని ఆయువు సుమారు సగమగునని యంత్రకారుల స్థూలసూత్రము. గేరుపెట్టె విప్పించు ఖర్చు చల్లార్పు పెట్టె వెలకు అనేక రెట్లు. అప్పుచేసి బండి కొన్నవానికి ఆ ఖర్చుతోబాటు బండి నిలచిన దినముల కిరాయి పోవును. మంచు కరగిన చేపను కొనువాడు ఉండడు.

బిగించు పనిలో రహస్యమేమియు లేదు, శ్రద్ధయే కావలెను. నూనె మొదట రేడియేటరు తొట్టిలో తిరిగి, పిదప క్రొత్త పెట్టెలోనికి వచ్చి, అచ్చటినుండి గేరుపెట్టెకు మరలిపోవలెను. చిట్టచివర తగులునది చల్లని గాలి కావలెను గదా. ప్లాస్టికు దారములను రేడియేటరు రేకుల నడుమ గ్రుచ్చి పెట్టెను వ్రేలాడదీయుట కొందరు చేయు సులువు పని. కుదుపులకు ఆ దారము రాచుకొని గొట్టము చిల్లిపడును. ఇనుపపట్టీ కోసి చట్రమునకు బిగించుటే మేలు. నీటికి వాడు రబ్బరు గొట్టమును ఇచ్చట వాడరాదు, వేడినూనెకు అది మెత్తబడును. పెట్టె మరీ పెద్దదైనను మేలని తలచుట పొరపాటు: దాని వెనుకనున్న ఏసీ జాలికిని, రేడియేటరుకును గాలి తగ్గును. విశాఖ మన్యములో లంబసింగి చలికి తిరుగు బండియైనచో నూనె చల్లగనున్నంతవరకు పెట్టెను తప్పించి పంపు మూత ఉండుట మంచిది. విజయవాడలో దాని అవసరము అరుదు. బండి క్రొత్తదైనచో హామీ కాగితమును ముందుగ చదివి, అమ్మినవారిని విచారించిన తరువాతనే గొట్టము కోయవలెను.

ఒక్క మాట మరువరాదు. నూనె పాలు కలిపిన కాఫీరంగుగ కనబడినచో రేడియేటరు తొట్టిలోని గొట్టము చిల్లిపడి నీరు నూనెలో కలిసినదన్నమాట. అట్టి బండికి క్రొత్త పెట్టె బిగించి పంపువాడు యజమానికి అపకారమే చేయును. ముందు రేడియేటరు మార్చి, పాత నూనెనంతయు కడిగి తీయవలెను. బిగించిన పిదప ఇంజను నడచుచుండగనే, నూనె వెచ్చబడిన తరువాత, బండిని తయారుచేసినవారు చెప్పిన పద్ధతిన నూనె మట్టము చూచి తక్కువైనది పోయవలెను. మట్టము సరిచూచిన తరువాత గట్టుబాటను బరువుతో ఒక చుట్టు తిప్పి తెచ్చి, మరల బండి క్రిందికి వంగి ప్రతి కీలును గుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డకు తడి అంటనిచో ఆ సాయంకాలమే బండి చెరువుగట్టుకు పోవచ్చును.